జీఐ ట్యాగ్ సరే, రిజిస్టర్‌లో మీ పేరు ఉందా?

ప్రశ్న: మాది ఉప్పాడ దగ్గర పల్లె. తాతల కాలం నుంచి జాందానీ చీరలే నేస్తున్నాం. నాన్నకు చూపు తగ్గడంతో ఇప్పుడు నేనూ తమ్ముడూ మగ్గం మీద కూర్చుంటున్నాం. ఒక్కో చీరకు నెల పైనే పడుతుంది. హైదరాబాద్‌లో ఒక షాపువాళ్లు మరమగ్గం చీరల్ని ‘ఉప్పాడ జాందానీ’ అంటూ మూడున్నర వేలకే అమ్ముతున్నారు. వాళ్ల బ్రాండ్ పేరులోనే ‘ఉప్పాడ’ ఉంది. 2023 దసరాకే ఇది మా కంట పడింది. ఊళ్లో అందరూ బాధపడ్డారు గానీ ఎవరూ కదల్లేదు. మా చీరలకు జీఐ ట్యాగ్ (ఒక ప్రాంతపు ప్రత్యేక సరుకుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఉందని పేపర్లో చదివాం. ఆ షాపు మీద కేసు వేయొచ్చా? ‘ఉప్పాడ’ పేరును మా పేరున ట్రేడ్‌మార్క్ చేయించుకుంటే ఇక ఎవరూ వాడలేరని మా మేనమామ అంటున్నారు. నిజమేనా?
– ఒక నేత కుటుంబం

జవాబు: అమ్మా, మీరు తరతరాలుగా నేస్తున్నారన్నది మీ కేసును తేల్చదు. తేల్చేది ఒక్కటే. చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో ‘అధీకృత వినియోగదారు’గా, అంటే ఆథరైజ్డ్ యూజర్‌గా, మీ పేరు నమోదై ఉందా? మీ ఉత్తరమంతా వెతికినా ఆ ముక్క కనిపించలేదు. లేదనే అనుకుంటున్నాను.

1999 నాటి జీఐ చట్టం ప్రకారం రిజిస్టర్‌కు రెండు భాగాలు. ‘ఎ’ భాగంలో ఆ ఉత్పత్తి, దాన్ని నమోదు చేయించిన సంఘమో సంస్థో ఉంటాయి. ‘బి’ భాగంలో ఆ పేరు వాడుకునే ఉత్పత్తిదారులు ఒక్కొక్కరుగా ఉంటారు. పేరు వాడుకునే ప్రత్యేక హక్కును సెక్షన్ 21 ఈ రెండో భాగంలో ఉన్నవాళ్లకే ఇచ్చింది. ఉల్లంఘన జరిగితే దావా వేసే హక్కు సంస్థకూ, వీళ్లకూ ఉంటుంది. ఊరికి ట్యాగ్ వచ్చినంత మాత్రాన ఊళ్లోని ప్రతి మగ్గానికీ ఆ హక్కు దానంతట అది రాదు.

ఉప్పాడ జాందానీకి ఈ గుర్తింపు 2009లో వచ్చింది. పడుగులో ఒక్క పోగు తెగినా కనిపెట్టే మీరు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ రిజిస్టర్‌లో మీ పేరుందా అని చూసుకోలేదు. ఇది మీ ఒక్కరి నిర్లక్ష్యమే కాదు, చాలా ఊళ్లలో ఇదే కథ. ట్యాగ్ వచ్చినరోజు సన్మానాలు చేసి, ఫొటోలు దిగి, ‘బి’ భాగం సంగతి మరిచిపోతారు. ఆ పేరు తెచ్చే ఎక్కువ ధర నేసినవాళ్ల చేతికి రాకుండా మధ్యలోనే ఆగిపోతుంది.

నమోదు కాకుండా దావా వేయలేరా అంటే, వేయొచ్చు. మీ సరుకు పేరుతో తన సరుకు చలామణీ చేసుకుంటున్నాడని ‘పాసింగ్ ఆఫ్’ దావా ఉంది. కానీ ఆ పేరుకు మార్కెట్లో ఉన్న పరపతి, కొనేవాళ్లు మోసపోతున్న తీరు, మీకు జరిగిన నష్టం అన్నీ మీరే రుజువు చేసుకోవాలి. పైగా మామూలుగా షాపు ఉన్న హైదరాబాద్‌కే తిరగాలి. అదే నమోదైతే సెక్షన్ 66 మీకో పెద్ద వెసులుబాటు ఇస్తుంది. మీరు ఉంటున్న చోటే, మీ పరిధిలోని జిల్లా స్థాయి కోర్టులోనే ఉల్లంఘన దావా వేయొచ్చు. మగ్గం ఆపుకుని వాయిదాలకు రైలెక్కాల్సిన పని తప్పుతుంది. మీలాంటి కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

ఇక గడువు. షాపు బ్రాండ్‌లోనే ‘ఉప్పాడ’ ఉందన్నారు కదా, అక్కడ సెక్షన్ 26 జాగ్రత్తగా చదవాలి. ట్రేడ్‌మార్క్‌గా వాడటం జీఐని ఉల్లంఘిస్తోందని సంస్థకు గానీ నమోదైన వినియోగదారుకు గానీ తెలిసిన నాటి నుంచి ఐదేళ్లు దాటితే చర్యకు వీల్లేదు. ఆ మార్కు అంతకుముందే ప్రకటితమై రిజిస్టరై ఉంటే ఆ తేదీ నుంచే లెక్క. అందుకే వాళ్ల మార్కు ఎప్పుడు రిజిస్టరైందో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో ముందు చూడండి. 2023 దసరాకే ఊరంతటికీ తెలుసని మీరే రాశారు. మీ సంస్థకూ అప్పుడే తెలుసని అవతలి వకీలు వాదిస్తాడు. 2028 దాకా టైముందిలే అనుకోవద్దు.

డార్జీలింగ్ టీ మన దేశంలో మొట్టమొదటి జీఐ. కోల్‌కతాలో ఒక పెద్ద హోటల్ తన లాంజ్‌కు ఆ పేరు పెట్టుకుందని టీ బోర్డు 2010లో దావా వేస్తే, 2019లో కలకత్తా హైకోర్టు కొట్టేసింది. జీఐ రక్షణ సరుకులకే గానీ సేవలకు కాదన్నది ముఖ్య కారణం. ఐదేళ్లు దాటాక వచ్చారన్నదీ ఒక కారణమే.

తప్పుడు జీఐ పేరుతో అమ్మడం నేరం కూడా. ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. కానీ దీనికీ గడువుంది. నేరం జరిగిన మూడేళ్లలో లేదా తెలిసిన రెండేళ్లలో, ఏది ముందైతే ఆ లోపు ప్రాసిక్యూషన్ మొదలవ్వాలి. 2023లో చూసిన అమ్మకం మీద ఇప్పుడు ఫిర్యాదు నిలవడం కష్టం. ప్రతి అమ్మకం వేరు కాబట్టి తాజాగా జరిగినదాన్ని పట్టుకోండి. సోదా చేయాలంటే డీఎస్పీ స్థాయి అధికారి రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. స్టేషన్‌కు వెళ్లగానే రెయిడ్ జరుగుతుందని ఆశపడొద్దు.

మేనమామ గారి సలహా మాత్రం పొరపాటున కూడా పాటించకండి. జీఐ పేరు ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులందరి ఉమ్మడి ఆస్తి. అమ్మడానికి, తాకట్టు పెట్టడానికే వీల్లేదు, ఒక్కరి పేరున రాయించుకోవడం అసలే కుదరదు. ఆ ప్రాంతానిది కాని సరుకుకు జీఐని ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయడాన్ని సెక్షన్ 25 అడ్డుకుంటుంది. సరుకు పుట్టిన చోటును మాత్రమే సూచించే పేరును ఒక్కరికి ఇవ్వడాన్ని ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9 అడ్డుకుంటుంది. పొరపాటున రిజిస్ట్రేషన్ నంబరు వచ్చినా రద్దు చేయిస్తారు. అంతకంటే ప్రమాదం ఇంకోటి ఉంది. ఆ షాపు చేసిన తప్పే మీరూ చేసినట్టవుతుంది, రేపు కోర్టులో మీ దరఖాస్తునే మీ ముందు పెడతారు. నమోదు కాకుండా జీఐ లోగో అచ్చేసిన లేబుళ్లు కుట్టడం కూడా వద్దు.

సాక్ష్యం గురించి. వాట్సాప్‌లో తిరిగిన ఫొటోలు చాలవు. ఆ షాపులో ఒక చీర కొనండి. బిల్లు మీద ‘ఉప్పాడ జాందానీ’ అని రాయించుకోండి. రాయనంటే, ఆ పేరున్న లేబుల్‌తో సహా కవర్ విప్పకుండా దాచండి. అసలు జాందానీలో బుటా (చీర మీది పువ్వు లాంటి డిజైన్) పోగును చేత్తో, బుటా ఉన్నంత మేరకే తిప్పుతారు కాబట్టి వెనక్కి తిప్పినా దాదాపు అదే అందం ఉంటుంది. మర మీద నేసినదాని వెనక వేలాడే పోగులో, కత్తిరించిన కొసలో కనిపిస్తాయి. ఆ తేడాను నిపుణుడి చేత రాయించాలి. ఆన్‌లైన్ ప్రకటనైతే తేదీ, వెబ్ చిరునామా కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయండి. నమోదైన నేతగాళ్ల దగ్గర కొన్న చీరలైతే వాటిని ఆ పేరుతో తిరిగి అమ్మడం తప్పు కాదు. ఆ షాపుకు సరుకు ఎక్కడి నుంచి వస్తోందో కూడా ఆరా తీయాలి.

ఇప్పుడు చేయాల్సింది వినండి. ఫారం జీఐ-3లో అధీకృత వినియోగదారుగా దరఖాస్తు పెట్టండి. రుసుమును 2020లో 500 నుంచి 10 రూపాయలకు తగ్గించారు. సంస్థ సంతకం కోసం తిరిగే పని కూడా అప్పుడే పోయింది, కాపీ పంపి రిజిస్ట్రీకి తెలిపితే చాలు. నేత కార్డు, సొసైటీ పాస్‌బుక్, నూలు కొన్న రసీదులు, మగ్గాల ఫొటోలు, అఫిడవిట్ జతచేయండి. మీ పల్లె జీఐ సర్టిఫికెట్‌లో చెప్పిన ప్రాంతంలోకి వస్తుందో లేదో ముందే చూసుకోండి. రాకపోతే మిగతాదంతా వృథా.

దరఖాస్తు జీఐ రిజిస్ట్రీ ప్రకటించే జర్నల్‌లో వచ్చి, అభ్యంతరాల గడువు ముగిసేదాకా కూర్చోకండి. రిజిస్టర్‌లో యజమానిగా ఉన్న సంస్థకు దావా వేసే హక్కు ఇప్పుడే ఉంది. ఊళ్లోని నేతగాళ్లంతా సంతకాలు పెట్టి, షాపు బిల్లు కాపీతో సంస్థకు రిజిస్టర్డ్ పోస్టులో రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ రసీదు దాచుకోండి. చేనేతకు కేటాయించిన 11 రకాల్లో చీర ఉంది కాబట్టి, ఆ డిజైన్లు మరమగ్గం మీద నేస్తున్నారని 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద చేనేత శాఖ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగానికి ఇంకో ఫిర్యాదు పెట్టండి. దానికి మీ పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండక్కర్లేదు.