పేగు ఆపరేషన్ తర్వాత లాసిక్స్ ఎందుకు ఇస్తారు?

పేగు ఆపరేషన్ అయ్యాక మీ నాన్నగారి కాళ్లు వాచాయని, గ్యాస్ ఇంకా పోలేదని, డాక్టరు లాసిక్స్ ఇంజెక్షన్ రాశారని చెప్పారు. దానివల్ల పేగు త్వరగా కదులుతుందా అన్నది మీ ప్రశ్న. పెద్దపేగులో కొంత భాగం తీసేశాక నాకూ ఇదే మందు ఇచ్చారు కాబట్టి తెలిసింది చెబుతాను.

లాసిక్స్ పేగును కదిలించే మందు కాదు. ఒంట్లో అదనంగా చేరిన ఉప్పును, నీటిని మూత్రంలో బయటికి పంపుతుంది. ఆపరేషన్‌కు డ్రిప్‌లో ఎక్కించే మామూలు సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆపరేషన్ దెబ్బకు శరీరం ఆ ఉప్పునీటిని వదలకుండా పట్టుకుంటుంది. అది కాళ్లలోకే కాదు, పేగు గోడల్లోకీ చేరుతుంది. వాచిన పేగు సరిగా కదలదు. మందు ఉపయోగపడితే ఈ దారిలోనే ఉపయోగపడాలి. చాలామందికి కొన్ని రోజులకు మూత్రం దానంతటదే ఎక్కువై వాపు తీస్తుంది, మందు అక్కర్లేదు.

మా సర్జన్ వాపు కంటే బరువునే ఎక్కువగా చూసేవారు. రోజూ పొద్దున్నే తూకం వేయించి, ఆపరేషన్ ముందు బరువుతో పోల్చేవారు. ఒంట్లో లీటరు నీరు చేరితే కిలో పెరిగినట్టే కదా. ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికే మూత్రం బాగా వచ్చింది, వాపు తగ్గింది, లేచి నడవడం తేలికైంది. తర్వాత గ్యాస్ పోయింది. కానీ అదంతా లాసిక్స్ చలవే అనను. అప్పటికే నడుస్తున్నాను, మత్తుతో కూడిన నొప్పి మందులూ తగ్గించారు. పేగు కదలడానికి అవీ చాలా ముఖ్యం.

మీరు తప్పకుండా అడగాల్సింది పొటాషియం గురించి. లాసిక్స్‌తో మూత్రంలో పొటాషియం కూడా పోతుంది, అది తగ్గితే పేగు ఇంకా మొండికేస్తుంది. అంటే మంచికని ఇచ్చిన మందే అడ్డుపడొచ్చు. అందుకే నాకు రక్తపరీక్ష చేస్తూ, తగ్గినప్పుడు డ్రిప్‌లో పొటాషియం కలిపారు. "ఇవాళ పొటాషియం ఎంత ఉందండీ?" అని మొహమాటపడకుండా అడగండి.

మూత్రం తక్కువైతే లాసిక్స్ ఇవ్వాలని మాత్రం అనుకోవద్దు. బీపీ పడిపోయినా, లోపల రక్తస్రావం ఉన్నా, కుట్టు దగ్గర లీకై ఇన్ఫెక్షన్ వచ్చినా మూత్రం తగ్గుతుంది. అప్పుడు ఈ మందు కిడ్నీలను దెబ్బతీయొచ్చు. చిన్నపేగును పొట్టమీదికి తెచ్చి బ్యాగ్ పెట్టి ఉంటే ఇంకా జాగ్రత్త, ఆ బ్యాగ్‌లోకే ఉప్పు, నీరు బోలెడు పోతుంటాయి. ఒక్క కాలే వాచి నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే చెప్పండి.

డిశ్చార్జ్‌లో మాత్రలు రాసిస్తే ఎన్నాళ్లు వాడాలో, బరువు ఎంతకు దిగితే ఆపాలో, మళ్లీ రక్తపరీక్ష ఎప్పుడో రాయించుకోండి. కళ్లు తిరిగినా, నోరెండిపోతున్నా, వాంతులవుతున్నా తర్వాతి మాత్ర వేసే ముందే డాక్టరుకు ఫోన్ చేయండి.