ఉచితంగా వచ్చే ఆ ఒక్క నెల

ప్రశ్న: పరవాడలో ఫార్మా కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం. జీతం 38,000. గాజువాకలో అద్దెకుంటున్నాం. ఇంట్లో నెట్‌కు నెలకు 999 రూపాయల అన్‌లిమిటెడ్ ప్లాన్, జీఎస్టీ అదనం. వాడకం 170 జీబీ దాటదు. దీన్ని తీసేసి, వాడినంతకే డేటా ప్యాక్‌లు వేసుకుంటే మేలా? ఏడాదికి ఒకేసారి కడితే ఒక నెల ఉచితమట, క్రెడిట్ కార్డు మీద కట్టేయనా? కార్డుకు ఇప్పుడు మినిమం డ్యూ, అంటే బిల్లులో కట్టి తీరాల్సిన కనీస మొత్తం మాత్రమే కడుతున్నాను. ఖాతాలో 11,000 ఉన్నాయి.

జవాబు: మీ చివరి రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయానండీ. ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి. మొన్న ఒకరికి ఏసీ, ఇప్పుడు మీకు నెట్. గీకేది మాత్రం అదే కార్డు!

ఏడాది ప్లాన్ జీఎస్టీతో 14,146. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే, దాని మీద జీఎస్టీ కలిపి నెలకు సుమారు 584. ఉచిత నెల విలువ 1,179. రెండు నెలల వడ్డీకే అది హారతి కర్పూరం. పాత బాకీ ఉన్న కార్డుకు వడ్డీ లేని గడువు కూడా ఉండదు, గీకిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. వద్దు.

డేటా ప్యాక్‌లు నెలకు పది జీబీ వాడే ఇంటికి సరే, 170కి గిట్టవు. మీటరు తిరుగుతోందన్న టెన్షన్ లేకుండా ఉండాలని అన్‌లిమిటెడ్ తీసుకుంటాం, తప్పు లేదు. చాలా ప్లాన్లలో అన్‌లిమిటెడ్ అంటే నెలకు 3,300 జీబీ దాకా పూర్తి స్పీడు. మీ వాడకం అందులో ఇరవయ్యో వంతు. మీరు ఎక్కువ కడుతున్నది స్పీడుకి. 499 దగ్గర తక్కువ స్పీడు ప్లాన్ దొరికితే మారిపోండి, జీఎస్టీతో కలిపి నెలకు 590 మిగులుతుంది.

అది ముందు కార్డు బాకీకి, తర్వాత అత్యవసర నిధికి. కాంట్రాక్టు రెన్యువల్ కాకపోతే ఆ 11,000 ఎన్నాళ్లొస్తాయి? నెల ఖర్చు 30,000 అనుకున్నా ఆరు నెలలకు 1,80,000 కావాలి. 590తో అంత దూరం వెళ్లలేరు, తెలుసు. బాకీ తీరాక ఆ మినిమం డ్యూ సొమ్మునూ అటే మళ్లించండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక మన విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఏటీఎంలు పనిచేయలేదు. చేతిలో నోట్లున్న వాళ్లే పాల ప్యాకెట్ కొనగలిగారు. ఆ 11,000లో రెండు వేలు బీరువాలో పెట్టండి, మిగతావి కదపొద్దు.

బిల్లు తేదీకి ముందే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ప్లాన్ మార్పించుకోండి. కార్డు మీ ఆవిడ చేతికిచ్చేయండి.