ఈ వారం గదికెవరు, ఆన్‌లైన్‌కెవరు?

ప్రశ్న: మా శిక్షణ కేంద్రంలో 64 మంది విద్యార్థులు, గదిలో 36 కుర్చీలే. అందుకే రెండు బ్యాచ్‌లు చేసి, వారం మార్చి వారం ఒకటి గదికి, ఇంకొకటి ఆన్‌లైన్‌కి పంపుతున్నాం. ఎక్సెల్‌లో ఐఎస్‌ఓవీక్‌నమ్‌తో (ఒక తేదీ సంవత్సరంలో ఎన్నో వారంలో ఉందో చెప్పే ఫంక్షన్) సరి, బేసి వారాలు తీస్తే 2026 డిసెంబరు చివర ఒకే బ్యాచ్‌కి వరుసగా రెండు వారాలు గది వస్తోంది. ఎందుకు?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తిరకాసు క్యాలెండర్‌లో ఉందండి. ఆ లెక్కలో 2026కి 53 వారాలు. డిసెంబరు 28న మొదలయ్యేది 53వది, జనవరి 4న మొదలయ్యేది మళ్లీ 1వది. రెండూ బేసే.

వారం సంఖ్య జోలికి పోకుండా, కోర్సు మొదలైన సోమవారం నుంచి లెక్కించండి. ఆ తేదీని, ఉదాహరణకు 15-06-2026ని, జే1లో పెట్టండి. ఏ (A) నిలువు వరుసలో తేదీ, డీ (D)లో బ్యాచ్ (0 లేదా 1) ఉంటే, ఎఫ్2లో ఇది రాయాలి (టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే):

=ఇఫ్(మాడ్(ఇంట్((ఏ2-$జే$1)/7),2)=డీ2,"గది","ఆన్‌లైన్")

డాలర్ గుర్తులు మరిస్తే, ఫార్ములాను కిందికి లాగినప్పుడు జే1 కాస్తా జే2, జే3 అయిపోతుంది.

దసరా సెలవుల్లో వారమంతా మూతపడితే ఆ వంతు పోయినట్టే. అలా పూర్తిగా పోయే వారాల సోమవారాలను ఎల్2 నుంచి ఎల్6 దాకా రాసి, ఇంట్ భాగం తర్వాత, కామాకి ముందు -కౌంట్‌ఇఫ్($ఎల్$2:$ఎల్$6,"<="&ఏ2) చేర్చండి. పోయిన వంతు సెలవుల తర్వాత వారానికి జరుగుతుంది. ఒక్కరోజు సెలవులకు ఈ హైరానా వద్దు. వాటికీ వంతులు సర్దబోతే బుధవారం మధ్యలో బ్యాచ్ మారుతుంది, తల్లిదండ్రులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు.

ప్రశ్న: ఒకే టీచరుకు గది క్లాసు, ఆన్‌లైన్ క్లాసు ఢీకొంటే పట్టుకునేదెలా?
— మరో పాఠకుడు, గుంటూరు

జవాబు: ఏ (A)లో తేదీ, బీలో క్లాసు మొదలయ్యే సమయం, సీలో ముగిసే సమయం, ఈ (E)లో టీచరు పేరు ఉందనుకుంటే:

=కౌంట్‌ఇఫ్స్(ఏ:ఏ,ఏ2,ఈ:ఈ,ఈ2,బీ:బీ,"<"&సీ2+టైమ్(0,14,0),సీ:సీ,">"&బీ2-టైమ్(0,14,0))>1

ట్రూ వస్తే ఢీ. ఆ వరుస కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టే 1 కంటే ఎక్కువ అని అడిగాం. గదిలోంచి వచ్చి, మైకు పెట్టుకుని, లింకు తెరవడానికి 15 నిమిషాలు కావాలి. అయినా 14 అనే రాయండి. ఎక్సెల్‌కి సమయమంటే రోజులో భిన్నం. సరిగ్గా 15 నిమిషాల విరామం ఉన్నచోట దశాంశాల చివర తేడా వచ్చి ఒక్కోసారి లేని ఢీ చూపిస్తుంది.

అన్నీ ఫాల్స్ అని వస్తే సంబరపడకండి. ముందు టీచరు పేరు చివర ఖాళీ స్పేస్ ఉందేమో చూడండి: ఉంటే ఇద్దరు టీచర్ల కింద లెక్క. ట్రిమ్ ఫంక్షన్ వాడితే ఆ స్పేస్ పోతుంది. ఆ తర్వాత తేదీ. అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో 13/07 తేదీగా కాక మాటగా మిగిలిపోతుంది, 12/07 అయితే నోరెత్తకుండా డిసెంబరు 7 అయి కూర్చుంటుంది. ఈ రెండోదాన్ని, గడిలో ఉన్నది సంఖ్యేనా అని చూసే ఈజ్‌నంబర్ కూడా పట్టుకోలేదు. గూగుల్ షీట్స్‌లో ఫైల్, సెట్టింగ్స్‌లోకి వెళ్లి లొకేల్‌ను ఇండియాగా మార్చాకే తేదీలు ఎక్కించండి.