క్యాచ్ క్యాన్ బిగించే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ డీజిల్ బండికి ఆయిల్ క్యాచ్ క్యాన్, అంటే ఇంజిన్ గ్యాస్‌తో పోయే ఆయిల్ తుంపరను పట్టే డబ్బా, పెట్టిద్దామని ఫోన్‌లో అన్నావు. మంచి ఆలోచనే. అయితే డబ్బా కొనే ముందు ఇంజిన్ సంగతి తేల్చుకో. బండి స్టార్ట్ చేసి, కాసేపు ఆగి, ఆయిల్ మూత తీసి చూడు. సన్నగా ఆవిరి వస్తే ఫరవాలేదు. ఎంత మంచి ఇంజిన్‌లోనైనా పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత గ్యాస్ కిందికి దిగుతుంది, దాన్నే బ్లో బై అంటాం. గుప్పుగుప్పున పొగ తంతుంటే మాత్రం రింగులో, అవి ఆడే సిలిండర్ బోరో అరిగినట్టు అనుమానించాలి. అప్పుడు ముందు కంప్రెషన్ టెస్ట్ చేయించు. ఆ జబ్బుకు డబ్బా మందు కాదు.

ఆ గ్యాస్ ఇంజిన్ పైనున్న ట్యాపెట్ కవర్ దగ్గరి బ్రీతర్ పైపు గుండా, గాలిని ఒత్తి ఇంజిన్‌కు పంపే టర్బో ముందున్న గాలి పైపులోకి పోతుంది. వెంట ఆయిల్ తుంపర కూడా పోతుంది. ఆ పైపు ఊడదీసి లోపల వేలు పెట్టి చూడు, నల్లటి జిడ్డు అంటుతుంది. అదే, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ అడుగున చేరుతుంది. కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ మసితో కలిసి, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌లో గట్టిగా పేరుకుంటుంది కూడా. అన్నం గిన్నె మూతకు ఆవిరి తగిలి బొట్లు కట్టినట్టు, క్యాన్ లోపలి జాలీకి తగిలి ఆ తుంపర కిందికి కారాలి. అందుకే కొనేటప్పుడు ఫోన్ టార్చ్ వేసి లోపల చూడు. ఆటోనగర్‌లో తళతళలాడే డబ్బాలు చాలా దొరుకుతాయి. లోపల జాలీ, అడ్డు రేకులు లేకుండా బోలుగా ఉంటే ఎంత చవకైనా వద్దు.

పైన చిన్న ఫిల్టర్ పెట్టి పొగను బయటికే వదిలేసే రకం జోలికి పోకు. నీది బీఎస్6 బండి, అలా వదలడం నిబంధనలకు విరుద్ధం. ఒక పైపు ఇంజిన్ నుంచి క్యాన్‌లోకి, రెండోది క్యాన్ నుంచి మళ్లీ గాలి పైపులోకి వెళ్లాలి. వారంటీ ఇంకా ఉంటే షోరూమ్‌లో అడగకుండా చెయ్యి పెట్టొద్దు.

అసలు పని పైపుల్లోనే ఉంది. నీళ్ల పైపు ముక్క వేస్తే ఆయిల్‌కు ఉబ్బి మెత్తబడుతుంది. ఆయిల్‌కు తట్టుకునే హోస్ తీసుకో. లోపలి సైజు కంపెనీ పైపుకు తగ్గకూడదు. ఎక్కడా మడత పడకూడదు, మధ్యలో కిందికి వేలాడి ఆయిల్ నిలవకూడదు. పైపు మూసుకుపోతే ఇంజిన్ లోపల ప్రెషర్ పెరిగి సీళ్ల దగ్గర ఆయిల్ కారుతుంది, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ కూడా పైకి తన్నొచ్చు.

క్యాన్‌ను టర్బోకి, సైలెన్సర్ పైపుకి దూరంగా, ముందువైపు గాలి తగిలేచోట గట్టి బ్రాకెట్‌తో బిగించు. మే నెలలో మన బెజవాడ ఎండకు బానెట్ కింద ఎలా ఉంటుందో నీకు తెలుసు. డబ్బా వేడెక్కితే తుంపర బొట్లు కట్టకుండా అలాగే దాటిపోతుంది. చెయ్యి దూరి, చేరిన ఆయిల్ తీసే డ్రెయిన్ తిప్పడానికి వీలుండాలి, లేకపోతే నాలుగు నెలలకు నువ్వు దాన్ని మర్చిపోతావు.

మొదట్లో వెయ్యి కిలోమీటర్లకోసారి తీసి చూడు. ఎంత చేరుతోందో తెలిశాక ఎన్నాళ్లకోసారి తియ్యాలో నీకే అర్థమవుతుంది. చలికాలంలో నీటితేమ కలిసి తెల్లగా వస్తే కంగారు పడకు. కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం వెంటనే నాకు చెప్పు. తీసినదాన్ని మళ్లీ ఇంజిన్‌లో పొయ్యకు, కాలవలో అసలే పారబొయ్యకు. డబ్బాలో దాచి పెడితే వాడిన ఆయిల్ కొనేవాళ్లకు నేను ఇస్తాను.

శనివారం రాత్రికే గుంటూరు నుంచి వచ్చెయ్. తెల్లారేసరికి ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉంటుంది, ఇద్దరం కలిసి బిగిద్దాం. హోస్, క్లిప్పులు నేను తెచ్చి ఉంచుతాను. నువ్వు కొన్న క్యాన్ మాత్రం బిల్లుతో సహా పట్టుకురా, జాలీ సరిగా లేకపోతే సోమవారం మార్పిద్దాం.

నీ మామయ్య