‘ఎందుకంటే’ రాస్తే తెలుగు కాదా?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ‘నగరంలోని చెరువులను కాపాడాలి’ అనే విషయం మీద వాదనాత్మక వ్యాసం రాస్తూ, ప్రతి కారణానికీ ముందు ‘ఎందుకంటే’ అని పెట్టాడు. అది ఇంగ్లిషు పద్ధతని టీచరుగారు కొట్టేశారు. నిజంగా తప్పేనా? వాదం, వాదన ఒకటేనా?
– ఒక తల్లి, తార్నాక, హైదరాబాద్

సమాధానం: తప్పు కాదమ్మా. ఎందుకు + అంటే = ఎందుకంటే. పాత పుస్తకాల్లో ‘ఏలయనగా’ ఉన్నచోట ఇప్పుడు మనం దీన్నే వాడుతున్నాం. కాకపోతే తెలుగు వాక్యానికి కారణం ముందు, ఫలితం వెనక రావడం అలవాటు. ఆ పని చేసేది ‘కాబట్టి’, ‘కనుక’.

మీ అబ్బాయి చేత చిన్న పరీక్ష చేయించండి. ‘చెరువులను కాపాడాలి, ఎందుకంటే అవి చాలా ముఖ్యం’ అన్న వాక్యాన్ని తిరగేస్తే ‘చెరువులు ముఖ్యం కాబట్టి కాపాడాలి’ అవుతుంది. డొల్లతనం బయటపడింది కదా! కాపాడాలన్నా ముఖ్యమన్నా మాట ఒకటే, కారణం ఇంకా రాలేదు. ‘వాన నీరు నిలిచే చోటు పోతే ఆ నీరు వీధుల్లోకి వస్తుంది కాబట్టి’ అంటే అది కారణం. ‘ఎందుకంటే’ దాచిపెట్టే లోపాన్ని ‘కాబట్టి’ పట్టిస్తుంది. టీచరుగారి ఎర్ర గీతకు నేను చెప్పుకునే అర్థం ఇది.

వాదించడమనే పని వాదన. పట్టుకున్న పక్షం వాదం. సామ్యవాదం అన్నప్పుడు ఉన్నది ఈ అర్థమే. న్యాయశాస్త్రంలో (కోర్టు చట్టాలు కాదు, మన పాత తర్కశాస్త్రం) మాత్రం నిజం తేల్చుకోవడానికి చేసే చర్చను వాదం అన్నారు. గెలుపే గురి అయితే అది జల్పం. తన పక్షమంటూ లేకుండా ఎదుటివాడి మాట కొట్టేయడమే పనిగా పెట్టుకుంటే వితండ. పిల్లల వ్యాసాలు ఎక్కువగా జారిపడేది జల్పంలోకే.

ఆ శాస్త్రం వాదనకు చెప్పిన అయిదు అవయవాలు, అంటే భాగాలు, బడి వ్యాసానికీ సరిపోతాయి: ప్రతిజ్ఞ (నిరూపించదలచిన మాట), హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం (ఉదాహరణను మన విషయానికి కలపడం), నిగమనం (ముగింపు). ప్రతిజ్ఞ ఒకే వాక్యంలో ఉండాలి: ‘చెరువు శిఖంలో ఇళ్ళు కట్టనివ్వకూడదు’ (శిఖం అంటే చెరువు నీరు నిలిచే నేల). హేతువు పైన చూశాం. ఉదాహరణకు హైదరాబాద్ చరిత్రే ఉంది. 1908 మూసీ వరద తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు, నీటిని ఎగువనే ఆపడానికి ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు.

పిల్లలు ఎగరగొట్టేది నాలుగోదాన్ని. సంవత్సరాలు బట్టీపట్టి రాసేసి నేరుగా ముగింపుకు దూకుతారు. ‘ఆ జలాశయాలు నదికి చేసే పనే, చిన్న ఎత్తున, కాలనీ పక్క చెరువు వాననీటికి చేస్తుంది’ అన్న ఉపనయ వాక్యం లేకపోతే 1908 వరద సంగతి వ్యాసంలో చుట్టంలా కూర్చుంటుంది, పని చేయదు. నిగమనానికి రెండు వాక్యాలు చాలు.

మూడు వందల మాటల వ్యాసంలో రెండు హేతువులకు మించి ఇరికించవద్దు. ఒక్కోదానికి డెబ్బయి, ఎనభై మాటలు ఇచ్చి, ఒక పేరా పూర్వపక్షానికి, అంటే ఎదుటివారి అభ్యంతరానికి, ఉంచాలి. అక్కడ ఎదుటివారి మాటను వాళ్ళే ఒప్పుకునేంత బలంగా చెప్పాలి. ‘కొందరు స్వార్థపరులు అంటారు’ అని మొదలుపెడితే జల్పమే. ‘అప్పు చేసి, తెలియక కొని, ఇల్లు కట్టుకున్నవారి గతేమిటి?’ అన్నది అసలైన పూర్వపక్షం. దానికి ‘నిజమే’ అని ఒప్పుకుని, ‘అంతమాత్రాన కొత్తవాటికి అనుమతి ఇవ్వాలని కాదు’ అని జవాబివ్వాలి. అప్పుడు మొదటి వాక్యానికి వెనక్కి వెళ్ళి ‘ఇకమీదట’ అన్న మాట చేర్చుకోవాల్సి వస్తుంది. చేర్చుకోనివ్వండి, ప్రతిజ్ఞను దిద్దుకోవడం ఓటమి కాదు.

ఇంకొకటి. ‘కావున’ అనే గ్రాంథిక మాటతో మొదలైన వాక్యాన్ని వాడుక మాట ‘చెయ్యాలి’తో ముగిస్తే అతుకు కనిపిస్తుంది. వాడుక భాషలో రాస్తున్నాడు కనుక ‘అందువల్ల’ అని రాయమనండి.