స్వచ్ఛంద సంఘాలు చెత్త పెంచకుండా పనిచేయాలంటే?

"విశాఖలో మా కాలనీ సంఘం తరచూ బీచ్ శుభ్రం చేస్తుంది, అన్నదానాలు పెడుతుంది. మా కార్యక్రమాల వల్లే చెత్త పెరగకుండా ఏం చేయాలి?" అని అడిగారు.

ముందు భోజనాల సంగతి చూడండి. ఎక్కువ చెత్త అక్కడే పుడుతుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. పేపర్ కప్పులు మేలనుకోకండి, వాటికీ లోపల సాధారణంగా ప్లాస్టిక్ పూత ఉంటుంది. నాలుగైదు సంఘాలు కలిసి స్టీలు కంచాలు, గ్లాసులు కొని ఒకచోట పెట్టుకోవడం అన్నిటికన్నా మంచి పని. పెళ్లిళ్లకూ, వినాయక చవితి పందిళ్లకూ కొద్దిపాటి అద్దెకిస్తే కడిగించే ఖర్చు వస్తుంది. లెక్క రాసే మనిషి మాత్రం ఒకరు ఉండాల్సిందే, లేకపోతే కంచాలు మిగలవు. ఇంకా చాలకపోతే ఏజెన్సీ అడవుల నుంచి వచ్చే అడ్డాకు విస్తర్లు ఉన్నాయి కదా!

ఆర్కే బీచ్‌కి గోనెసంచులు, ఉతికి వాడుకునే గ్లవ్స్ తీసుకెళ్లండి. సీసాలు, ప్లాస్టిక్, వల ముక్కలు అక్కడికక్కడే వేరు చేయండి. తడి ఇసుకతో కలిసిపోయిన చెత్తను పాత సామాన్లవాళ్లు కూడా తీసుకోరు. ఫ్లెక్సీ బదులు గుడ్డ బ్యానర్ కట్టండి. దానిమీద తేదీ వేయకపోతే ఏటా పనికొస్తుంది.