నియోజకవర్గం హద్దులు మారితే ఓటరుకు ఏమవుతుంది? మా నాన్ననడగండి

ప్రశ్న ఇది: "నియోజకవర్గాల హద్దులు మార్చినంత మాత్రాన ఓటరుకు నిజంగా తేడా ఏమైనా ఉంటుందా? గెలిచేవాళ్ళు ఎలాగూ గెలుస్తారు కదా?"

ఉంటుంది. మా ఇంట్లోనే ఉంది. నాది భద్రాచలం టౌను. నాన్న ఉండేది ఎటపాకలో, నాకు నాలుగైదు కిలోమీటర్ల దూరం. పొద్దున్నే టీవీఎస్ బండి మీద క్యాన్లు కట్టుకుని వచ్చి మా వీధిలో వాడుక పాలు పోసి వెళ్తాడు. దారిలో కొండ లేదు, ఏరు లేదు. 2014 నుంచి రాష్ట్ర సరిహద్దు మాత్రం ఉంది.

2018 డిసెంబర్ 7, శుక్రవారం. తెలంగాణ అసెంబ్లీ పోలింగు. నేను పొద్దున్నే వెళ్ళి వేలికి సిరా వేయించుకుని వచ్చాను. పదింటికి నాన్న దిగాడు. పాలు పోసే లుంగీలో కాదు, ఇస్త్రీ చొక్కా, తెల్ల పంచె, గడ్డం గీయించుకుని మరీ వచ్చాడు.

"ఏంటి నాన్నా, పెళ్ళేమైనా ఉందా?"

"పెళ్ళేంట్రా, ఓటు. మా ఊళ్ళో బూతు పెట్టలేదు. పొద్దున బడి దాకా పోయి చూసొచ్చా, తాళం వేసుంది. ఇక్కడెక్కడో కలిపుంటారు."

కలపలేదు నాన్నా, మీ మండలాలను ఈ ఎన్నికల ముందే ఇక్కడి లిస్టు నుంచి తీసేశారు, మీ ఓటు ఇక ఆంధ్రలోని రంపచోడవరం సీటులో, మీకు ఎన్నికలు వచ్చే ఏడాది అని చెప్పాను. నా మాట ఎప్పుడు విన్నాడు గనక. జేబులోంచి ఓటరు కార్డు తీసి వెనక్కి తిప్పి చూపించాడు. 119 భద్రాచలం అని అచ్చేసి ఉంది. "గవర్నమెంటు అచ్చేసింది తప్పంటావా?" అన్నాడు. తప్పని ఎలా అంటాను.

సరే పద అని నేనూ వెంట వెళ్ళాను. ముప్పావు గంట లైన్లో నిలబడ్డాడు. ముందూ వెనకా ఉన్నవాళ్ళలో సగం మంది ఆయన పాలు తాగేవాళ్ళే. ఒకావిడ నిన్న పాలు పల్చగా ఉన్నాయని అక్కడే పంచాయితీ పెట్టింది. లోపల లిస్టు ముందేసుకున్న కుర్రాడు కార్డు చూశాడు, పేజీలు తిప్పాడు, మళ్ళీ మొదటినుంచి తిప్పాడు.

"ఏ ఊరు పెద్దాయనా?"

"ఎటపాక."

"అది ఆంధ్రా కదా."

"ఆంధ్రా ఏంటి బాబూ, ఇందాక ఆరింటికి నీ వెనక వీధిలోనే పాలు పోసి పోయినా."

ఏజెంట్లు నవ్వారు. కుర్రాడు మాత్రం నవ్వలేదు, ఆయన్నేం అనలేం, లిస్టులో లేని పేరుకు ఓటెలా వేయిస్తాడు? నాన్న బయటికొచ్చి చెట్టు కింద బండి స్టాండు తీస్తూ ఒక్క మాటన్నాడు. "మొన్న నేనేసిన ఓటుకు గెలిచినాయన ఏ రాష్ట్రం ఎమ్మెల్యేరా ఇన్నాళ్ళూ?"

ఆ మాట దగ్గరే నేను ఇరుక్కుపోయాను. ఎందుకంటే 2014 ఏప్రిల్ 30న నాన్న వాళ్ళు ఓటేసింది భద్రాచలం సీటుకే. సీపీఎం నుంచి సున్నం రాజయ్య గెలిచారు. మే 29న పోలవరం ముంపు పేరు మీద ఆర్డినెన్సు వచ్చింది. భద్రాచలం రెవెన్యూ గ్రామం ఒక్కటి వదిలేసి మండలంలో మిగతాదంతా, కూనవరం, చింతూరు, వీఆర్ పురం మండలాలు మొత్తంగా ఆంధ్రలో కలిపారు. గోదావరికి అవతలి ఒడ్డున కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొంత కూడా పోయాయి. జులైలో పార్లమెంటు చట్టం చేసేసింది. ఓటేసిన నెలకే ఓటరు ఆంధ్రకు, ఎమ్మెల్యే తెలంగాణ అసెంబ్లీకి. 2019 ఏప్రిల్ 11న ఆంధ్ర ఎన్నికలు వచ్చేదాకా అదే కథ. ఐదేళ్ళు! వాళ్ళు ఓటేసిన ఎమ్మెల్యే హైదరాబాదులో కూర్చుంటే, వాళ్ళను పాలించే ముఖ్యమంత్రిని ఎన్నుకున్న సభలో వాళ్ళ ఓటే లేదు. ఇంతకంటే తమాషా ఏంటంటే, ఆ రాజయ్యగారి సొంతూరు సున్నంవారిగూడెం వీఆర్ పురం మండలంలోనిదే. ఎమ్మెల్యే ఇల్లు కూడా పక్క రాష్ట్రానికి పోయింది!

మాది 119వ నంబరని చెప్పాను కదా. ఉమ్మడి రాష్ట్రంలో 2008 పునర్విభజన తర్వాత ఒకటో నంబరు సిర్పూరు, 119 మేము, 120 ఇచ్ఛాపురం. రాష్ట్రం విడిపోయినప్పుడు సరిగ్గా మా దగ్గరే గీత పడింది. 119కీ 120కీ మధ్య పడాల్సిన గీత కాస్త జరిగి 119 మధ్యలోంచి పోయింది, అంతే.

ఇక రెండో సగం ప్రశ్న, గెలిచేవాళ్ళు ఎలాగూ గెలుస్తారన్నది. ఒప్పుకోను. భద్రాచలం ఎస్టీ రిజర్వుడు సీటు, ఎర్రజెండా కోట. 1985, 89, 94లో కుంజా బొజ్జి, 1999, 2004లో రాజయ్య, వరసగా ఐదుసార్లు సీపీఎం. 2009లో కాంగ్రెస్ నుంచి కుంజా సత్యవతి గెలిచారు, 2014లో మళ్ళీ రాజయ్య. అంటే ఏడింట్లో ఆరు. ఆ తర్వాత? సున్నా. 2018లో కాంగ్రెస్ నుంచి పొదెం వీరయ్య, 2023లో బీఆర్ఎస్ నుంచి తెల్లం వెంకట్రావు. పార్టీ ఓడిపోలేదండీ, పార్టీ ఊళ్ళను కోసి పక్కన పెట్టారు. చింతూరు, కూనవరం, వీఆర్ పురం పోయాక మిగిలింది టౌను, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు. టౌను ఓటు బరువు ఒక్కసారిగా పెరిగింది. టౌన్లో జెండా మోసేవాళ్ళకంటే కండువా మార్చేవాళ్ళు ఎక్కువ (ఇది రాసినందుకు రేపు టీ కొట్టు దగ్గర నాకు ఉంటుంది).

వీరయ్యగారి గెలుపు కూడా నా లెక్కలో హద్దుల మహిమే. ఆయన 1999, 2004లో ములుగు ఎమ్మెల్యే. వెంకటాపురం, వాజేడు అటువైపు మండలాలు, ఇప్పుడు ములుగు జిల్లాలోనే ఉన్నాయి. అక్కడి ఓటరుకు ఎమ్మెల్యే సీటు భద్రాచలం, కలెక్టరేటు ములుగు. తాలూకా ఒక చోట, జిల్లా ఒక చోట, సీటు ఒక చోట. ఒక్క మనిషికి ఇన్ని అడ్రసులా?

2009లో అవే పాత మండలాలతో సీపీఎం ఓడింది కదా అని ఎవరో ఒకరు అంటారని తెలుసు. ఆ ఏడాది లెక్కలోకి రాదు. మహాకూటమి, ప్రజారాజ్యం, ఎవరి ఓటు ఎటుపోయిందో ఎవరికీ తెలియని ఏడాది అది. మరి 2019లో రాజయ్యగారు రంపచోడవరంలో నిలబడి ఎందుకు ఓడారంటారా? మా నాలుగు మండలాలు ఆ ఏజెన్సీ సముద్రంలో చెంబెడు నీళ్ళు. అక్కడ నాగులపల్లి ధనలక్ష్మి, వైసీపీ గాలి. రాజయ్యగారు 2020 ఆగస్టులో కరోనాతో పోయారు. బస్సులో, ఆటోలో తిరిగిన ఎమ్మెల్యే. ఇప్పటి వాళ్ళకు చెప్తే నమ్మరు.

ఉమ్మడి ఖమ్మం జిల్లాకు ఇంకో చిత్రముంది, చెప్పకుండా ఉండలేను. కేసీఆర్ పార్టీకి 2014లో ఒక్క కొత్తగూడెం, 2018లో ఒక్క ఖమ్మం, 2023లో ఒక్క భద్రాచలం. పది సీట్లలో ప్రతిసారీ ఒకటే, ఆ ఒక్కటీ ప్రతిసారీ వేరే. ఆ చివరి ఒక్కటి కూడా 2024లో కాంగ్రెస్‌లోకి నడిచిపోయింది.

హద్దులు మార్చడం మా ప్రాంతానికి కొత్త కాదు. 1860లో నిజాం ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చాడు, వాళ్ళు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో పెట్టారు. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాకు మార్చారు. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం. 2014లో సగం మళ్ళీ తూర్పు గోదావరి. తేడా ఏముంటుందని అడిగారు కదా, మా పాత భద్రాచలం తాలూకాలోని రేకపల్లి సంగతి వినండి. సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉన్నప్పుడు పోడుకు గొడ్డలికి నాలుగణాలు పన్ను. మద్రాసు కిందికి రాగానే మూడింతలు చేశారు, కొన్నిచోట్ల పోడే కొట్టొద్దన్నారు. 1879లో రంప పితూరీ లేస్తే రేకపల్లి కూడా లేచింది. ఎక్కడో ఆఫీసులో గీసిన గీతకు ఇక్కడ అడవిలో తిరుగుబాటు.

ఇప్పుడు తిరుగుబాట్లు లేవు, దరఖాస్తులున్నాయి. 2022లో ఆంధ్రలో జిల్లాలు మార్చి ఎటపాకను అల్లూరి జిల్లాలో వేశారు, అప్పుడు కలెక్టరు ఉండేది పాడేరులో. ఎటపాక నుంచి పాడేరంటే రెండొందల కిలోమీటర్ల పైమాటే, ఘాట్ రోడ్లు. అదే ఏడాది జులైలో గోదావరి 71.3 అడుగులు వచ్చింది. 1986 నాటి 75.6 తర్వాత అంత వరద ఇదే. నాన్నను, గేదెలను ఎక్కించింది మా టౌను వాళ్ళ ట్రాక్టర్లే. ఆ వరద దిగాక ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు, ఈ ఐదు పంచాయతీలను తెలంగాణలో కలపమని మళ్ళీ గోల మొదలైంది. కలిపితే మాకూ మంచిదే. భద్రాచలం చుట్టూ ఏ పక్కకు పోయినా ఆంధ్రా, లేదంటే గోదావరి. చెత్త పోయడానికి జాగా లేదు. రాములవారు తెలంగాణలో, ఆయన పొలాలు పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో. దేవుడికే రెండు రాష్ట్రాలైతే మా నాన్నెంత.

ఇదంతా చదివి "ఓటరు ఏ రాష్ట్రంలో ఉన్నా ఓటు ఓటే కదా" అని వాదించేవాళ్ళకు దణ్ణం. 2023 డిసెంబర్ 3న కౌంటింగు రోజు నాన్నకు ఫోన్ చేశాను. పొద్దున్నుంచి టీవీ ముందే ఉన్నాడట. ఏ రౌండులో ఎవరు ముందున్నారో గుక్క తిప్పుకోకుండా చెప్తున్నాడు. అంతా భద్రాచలం లెక్కలే.

"అది కాదు నాన్నా, మీ ఎమ్మెల్యే ఎవరు?" అన్నాను.

కాసేపు మాట రాలేదు. తర్వాత వెనక అమ్మను అడుగుతున్న చప్పుడు వినిపించింది.